రాబోయే బొమ్మలు: సేకర్త నీతి

ఒక వస్తువును ప్రేమించే మనిషికి ఆ వస్తువును తయారుచేసిన వాళ్లతో యేమైనా సంబంధం వుంటుందా? వుంటే అది యెలాంటిది? డబ్బు చెల్లించి వస్తువును యింటికి తెచ్చుకోవడంతో ఆ సంబంధం తీరిపోతుందా? యీ ప్రశ్నలు పట్టుచీరల విషయంలో వేసుకోవచ్చు, నగల విషయంలో వేసుకోవచ్చు, పుస్తకాల విషయంలోనూ వేసుకోవచ్చు. నేను జపాన్ ఆనిమే బొమ్మల విషయంలో వేసుకుంటున్నాను. అందుకు రెండు కారణాలున్నాయి. వాటిని నేను సేకరిస్తాను; కనక నా మాటలు గట్టున కూర్చున్నవాడి మాటలు కావు. రెండో కారణం యింకా ముఖ్యమైనది. తక్కిన సరుకుల్లో మరుగుపడి వుండే ఒక విషయం యీ సరుకులో పైకి తేలి కనిపిస్తుంది. యింకా తయారు కాని వస్తువును మనం యిక్కడ ప్రేమిస్తాం, దానికి ధర వొప్పుకుంటాం, నెలల తరబడి యెదురుచూస్తాం.

ఆనిమే అంటే యేమిటో విద్యార్థులకు చెప్పనక్కరలేదు. అధ్యాపకుల కోసం నాలుగు మాటలు చెబుతాను. జపాన్‌లో గీసిన బొమ్మలతో తీసే సినిమాలనూ ధారావాహికలనూ ఆనిమే అంటారు. వాటిలోని పాత్రలను ప్లాస్టిక్‌లో మూర్తులుగా చేసి, రంగులు వేసి అమ్ముతారు. వీటిని అక్కడివాళ్లు ఫిగర్లంటారు. కొన్నింటిని పాత్ర యెత్తులో 7వ వంతో 8వ వంతో వుండేటట్టు కొలత ప్రకారం చేస్తారు. కొన్నింటికి పెద్ద తలా చిన్న వొళ్లూ పెట్టి అరచేతిలో పట్టేటట్టు చేస్తారు. 2001లో యేర్పడిన గుడ్ స్మైల్ కంపెనీ 2006లో మొదలుపెట్టిన నెండొరోయిడ్ వరస యీ రెండో రకానిది. బొమ్మ యెత్తు సుమారు 10 సెంటీమీటర్లు. ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క సంఖ్య వేస్తారు. ఆ సంఖ్య 2,000 దాటిపోయింది.

యిక రాబోయే బొమ్మల సంగతి. చిబా నగరంలోని మకుహారి మెస్సే ప్రదర్శనశాలలో యేటా చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి వండర్ ఫెస్టివల్ అనే సంత జరుగుతుంది. కంపెనీలు తాము తేబోయే బొమ్మలను అక్కడ అద్దాల పెట్టెల్లో పెడతాయి. తొలిదశలో చాలావాటికి రంగు వుండదు. బూడిదరంగు నమూనా మాత్రమే వుంటుంది. కొన్నాళ్లకు రంగులు వేసిన నమూనా ఫొటోలు వస్తాయి. తర్వాత ముందస్తు ఆర్డర్లు తీసుకుంటారు. దానికొక గడువు పెడతారు. విడుదల నెల ప్రకటిస్తారు. అది ఆరు నెలల దూరంలోనో యేడాది దూరంలోనో వుంటుంది. ఆ నెల దగ్గరపడ్డాక తరచుగా వాయిదా వేస్తారు. సేకర్త జీవితంలో సగం యీ జాబితాతోనే గడుస్తుంది. చేతిలో వున్న బొమ్మలకంటె చేతికి రాని బొమ్మలను గురించే అతడు యెక్కువ ఆలోచిస్తాడు.

మామూలు బజారులో వస్తువు ముందు వుంటుంది. దాన్ని చూసి కోరిక కలుగుతుంది. బేరం చివర జరుగుతుంది. యీ జాబితాలో వరస తలకిందులైంది. కోరిక వున్నది, ధర వున్నది, వస్తువు లేదు. మనం ఫొటోలో చూసి ముచ్చటపడ్డ బొమ్మ మనకు రాదు. అది ఒక నిపుణుడు ఒకే ఒక ప్రతికి రోజుల తరబడి రంగులద్ది సిద్ధం చేసినది. మనకు రాబోయేది దాన్ని చూసి వేలసంఖ్యలో చేసే బొమ్మల్లో ఒకటి. ఫొటో కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం వుంటుంది: చూపిన నమూనాకూ అసలు సరుకుకూ తేడా వుండవచ్చునని. ఆ ఒక్క వాక్యం వెనక ఒక కార్ఖానా మొత్తం దాగివుంది. ముందస్తు ఆర్డరు యిచ్చినవాడు నిజానికి చేస్తున్న పని, యింకా జరగని శ్రమ మీద తన హక్కు నమోదు చేసుకోవడం. యెవరో కొందరు రేపు, యెల్లుండి, వచ్చే వేసవిలో నాకోసం పని చేస్తారు. వాళ్లెవరో నాకు తెలియదు. యీ వ్యాసంలోని ప్రశ్న అంతా యిక్కడే పుడుతుంది.

దీన్ని ప్రశ్నగానే వొప్పుకోని వాళ్లు రెండు వైపులా వున్నారు.

మన మిత్రుల్లో కొందరు, యెదిగిన మనుషులు బొమ్మలతో ఆడుకోవడం మధ్యతరగతి విలాసమనీ, దాన్ని గురించి నీతిచర్చ చెయ్యడం అంతకంటె పెద్ద విలాసమనీ అంటారు. యీ అభ్యంతరం పైకి విప్లవకరంగా కనిపిస్తుంది గాని నిజానికి వైరాగ్యానికి యెర్రరంగు పూసినది. అవసరం తీర్చని వస్తువంతా దండగే అయితే శిల్పం దండగ, సంగీతం దండగ, దసరాకు మన తల్లులు మెట్లు కట్టి నిలిపే బొమ్మలకొలువు మరీ దండగ. శ్రామికవర్గం కోరేది తిండీ బట్టా మాత్రమే అయితే యెనిమిది గంటల పనిదినం కోసం పోరాడవలసిన అగత్యం లేదు. మిగిలిన గంటల్లో మనిషి యేం చేస్తాడన్నది కూడా మన ప్రశ్నే.

యీ బొమ్మల్లో కళ లేదనేవాళ్లు ఒక్క ముఖాన్ని శ్రద్ధగా చూస్తే చాలు. ఆనిమేలో గీసే ముఖం కాగితం మీదే సాధ్యమయ్యే ముఖం. యెదురుగా గీసినప్పుడు కళ్లు వుండే చోటు ఒకటి, పక్కనుంచి గీసినప్పుడు వుండే చోటు మరొకటి. ముక్కు ఒక కోణంలో వుంటుంది, మరో కోణంలో వుండదు. చూసేవాడికి అది తప్పుగా తోచదు, యెందుకంటే గీత అబద్ధమాడినా కన్ను సర్దుకుంటుంది. శిల్పికి ఆ వెసులుబాటు లేదు. పరస్పరం పొసగని ఆ గీతలన్నిటినీ, యే వైపు నుంచి చూసినా ఆ మనిషే అనిపించే ఒక్క ఘనరూపంగా అతడు మార్చాలి. 1995 నాటి 'ఇవాంగెలియన్' లోని అయనామి రేని యెందరో శిల్పులు మళ్లీ మళ్లీ మలిచారంటే కారణం గిరాకీ ఒక్కటే కాదు. ఆ ముఖంలోని నిర్లిప్తతను ప్లాస్టిక్‌లో నిలబెట్టడం యింకా పూర్తిగా తేలని సమస్య. అది కళాసమస్యే.

రెండో వైపు వున్నవాళ్లు నా తోటి సేకర్తలు. ధర చెల్లించాం, బొమ్మ మాది, కళానందం మా సొంత వ్యవహారం, యిందులో రాజకీయాలు తేవద్దంటారు. వీళ్లకు సమాధానం చెప్పాలంటే బొమ్మ యెలా తయారవుతుందో, ఆ తయారీ యే చరిత్ర గుండా వచ్చిందో చూడాలి.

1964లో ఓసాకా పక్కన మొరిగుచిలో కైయోడో అనే చిన్న దుకాణం వెలిసింది. దాని వైశాల్యం ఒకటిన్నర త్సుబో. అంటే మూడు చాపలు పరిస్తే నిండిపోయే స్థలం. బొమ్మలు కొనడానికి వచ్చేవాళ్లే క్రమంగా అక్కడ బొమ్మలు చేసేవాళ్లయినారు. 1980ల నాటికి అభిమానులు తమకు నచ్చిన పాత్రలను తామే మలిచి, రబ్బరు అచ్చుల్లో రెసిన్ పోసి, కొద్ది ప్రతులు తీసి అమ్మడం సాగింది. వాటిని గ్యారేజి కిట్లన్నారు. కొన్నవాడికి వచ్చేది విడి భాగాలే. అరగదీసి, అతికించి, రంగులు వేసుకోవడం అతడి పని. వండర్ ఫెస్టివల్‌ను 1985లో ప్రారంభించింది జనరల్ ప్రొడక్ట్స్ అనే యిటువంటి అభిమానుల సంస్థే. 1992 నుంచి కైయోడో నిర్వహిస్తున్నది. పాత్రల హక్కులున్న కంపెనీలు ఆ ఒక్కరోజుకు మాత్రం అభిమానులకు అమ్ముకునే అనుమతి యిచ్చే పద్ధతి యిప్పటికీ అక్కడ నడుస్తున్నది. ఆ సంతలో చేసేవాడూ కొనేవాడూ బల్లకు యీ పక్కా ఆ పక్కా నిలబడి మాట్లాడుకుంటారు.

యీ దశను స్వర్ణయుగమని పొగడడానికి నేను సిద్ధంగా లేను. కిట్ల ఖరీదు యెక్కువ, ప్రతులు తక్కువ, రంగులు వెయ్యడం చేతకానివాడికి అవి పనికిరావు. 1999లో ఫురుతా మిఠాయి కంపెనీ, కైయోడో కలిసి చాకొలేట్ గుడ్డులో చిన్న జంతువు బొమ్మ పెట్టి 150 యెన్‌లకు అమ్మాయి. బొమ్మ అంగుష్ఠమాత్రమే అయినా నిజమైన శిల్పి మలిచినదే, రంగులు వేసినదే. అంతవరకూ కొద్దిమంది చేతిలో వున్న ఆనందం బడిపిల్లల చేతికి వచ్చింది. యిది పురోగమనమే. ఐతే 150 యెన్‌లకు అన్ని రంగులు యెలా సాధ్యమైనాయి? ఆ రంగులు చైనాలో చేతులతో వేశారు కనక సాధ్యమైనాయి. కొనేవాడు తన బల్ల దగ్గర కూర్చుని వేసుకునే రంగు సముద్రం దాటి మరొకరి జీతపు పని అయింది. సేకర్తకు కుంచె పట్టే బాధ తప్పింది. ఆ బాధ ప్రపంచం నుంచి మాయం కాలేదు, చేతులు మారింది.

యివాళ కొలత బొమ్మ తయారయ్యే పద్ధతి యిది. శిల్పి కంప్యూటరులో గాని చేత్తో గాని మూలరూపం మలుస్తాడు. పాత్రపై హక్కులున్నవాళ్లు దాన్ని చూసి, దిద్దించి, వొప్పుకుంటారు. రంగుల నమూనా సిద్ధమవుతుంది. తర్వాత బొమ్మను పదుల భాగాలుగా విడదీసి వుక్కు అచ్చులు చెక్కుతారు. కరిగిన పి.వి.సి.నీ ఏ.బి.ఎస్.నూ వాటిలోకి నెట్టి భాగాలు తీస్తారు. అతుకుల దగ్గర మిగిలే అంచులను చేతితో చెక్కి సాఫు చేస్తారు. కళ్లను మెత్తటి దిండులాంటి అచ్చుతో అద్దుతారు. రంగు వెయ్యగూడని భాగాన్ని తొడుగుతో కప్పి తక్కిన భాగం మీద రంగు చిమ్ముతారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క తొడుగు. జుట్టుకొసల్లో లేతరంగు ముదురురంగులో కలిసేచోట, చెక్కిలి మీద యెరుపు అద్దేచోట యంత్రం పనికిరాదు. మనిషి మణికట్టే కావాలి. యిదంతా వేల బొమ్మలకు, రోజుకు గంటల తరబడి, రంగూ థిన్నరూ కలిసిన గాలిలో జరగాలి. యీ పని యెక్కువగా దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో జరుగుతూ వచ్చింది. యిటీవల కొంత వియత్నాంకూ ఫిలిప్పీన్స్‌కూ మళ్లింది.

పెట్టె అడుగున చాలాసార్లు మూలరూపం మలిచిన శిల్పి పేరు వుంటుంది. నమూనాకు రంగు వేసినవారి పేరు వుంటుంది. అది న్యాయమే. ఆ తర్వాత దేశం పేరుతో ఒక ముక్క వుంటుంది. వేల బొమ్మలకు నిజంగా రంగు వేసినవాళ్లకు దక్కిన పేరు ఆ దేశం పేరే.

'పెట్టుబడి' మొదటి సంపుటం 1867లో వెలువడింది. సరుకులో శ్రమ కనిపించకుండా పోతుందని మార్క్స్ అందులో చెప్పిన సంగతి మన పాఠకులకు కంఠోపాఠమే. అదే గ్రంథంలో అంతగా యెవరూ ప్రస్తావించని మరో పరిశీలన వుంది: పనిముట్టు బాగా పనిచేస్తున్నంత కాలం దాన్ని చేసినవాడు మనకు గుర్తుకు రాడు, కత్తి తెగనప్పుడు, దారం తెగినప్పుడు మాత్రం గుర్తుకువస్తాడు. ఆనిమే బొమ్మలు సేకరించేవాళ్లకు యీ మాట అక్షరాలా వర్తిస్తుంది. రంగు వేసిన మనిషి మన దృష్టికి వచ్చే సందర్భాలు మూడే మూడు: లోపం, ఆలస్యం, ధర. మూడు సందర్భాల్లోనూ ఆ మనిషి మనకు నేరస్థుడిగానే పరిచయమవుతాడు.

లోపం సంగతి చూడండి. సేకర్త బొమ్మ తెరిచిన వెంటనే చేసే పని, దీపం దగ్గర పెట్టి కంటి అంచునూ మెడ అతుకునూ పరీక్షించడం. నల్లగుడ్డు అర మిల్లీమీటరు పక్కకు జరిగితే అతడికి నిద్రపట్టదు. వేలిముద్ర కనిపిస్తే ఫిర్యాదు రాస్తాడు. ఆ వేలిముద్ర మొత్తం బొమ్మలో ఒక మనిషి వున్నాడని చెప్పే ఒకే ఒక సాక్ష్యం. దాన్ని మనం మరక అంటున్నాం. మచ్చలేని బొమ్మ కోరడం తప్పని నేననను, నేనూ కోరతాను. ఐతే మచ్చ లేకుండా వచ్చిన బొమ్మ కూడా అవే చేతుల పని. తప్పు జరిగితే "చైనా సరుకు" అనీ, బాగా వస్తే ఫలానా కంపెనీ నాణ్యత అనీ జమాఖర్చు రాయడం లెక్కల్లో మోసం. జపాన్‌లో తయారైన బొమ్మలు కావాలనే కోరిక కూడా తరచు యీ మోసంలోంచే పుడుతుంది. తొత్తొరి జిల్లాలోని కురయోషి పట్టణంలో గుడ్ స్మైల్ కంపెనీకి బొమ్మల కార్ఖానా వుంది. అక్కడివాళ్ల పని నాణ్యమైనదే కావచ్చు. కాని ప్రపంచంలోని సేకర్తలందరూ కళ్లకద్దుకునే అందమైన బొమ్మల్లో అత్యధికభాగం చైనా కార్మికులు చేసినవే.

రెండోది ఆలస్యం. 2020 మొదట్లో, కొత్తసంవత్సరం సెలవులకు స్వగ్రామాలకు వెళ్లిన చైనా కార్మికులు మహమ్మారి మూలంగా కార్ఖానాలకు తిరిగి రాలేకపోయినారు. ఆ యేటి విడుదల జాబితా అంతా వాయిదాలమయం అయింది. వాళ్లు రాకపోతే బొమ్మ రాదనే చిన్న సత్యం అప్పుడుగాని చాలామంది సేకర్తలకు తట్టలేదు. తట్టిన తర్వాత కూడా వాళ్లు అడిగిన ప్రశ్న "నా బొమ్మ యెప్పుడొస్తుంది?" అన్నదే. "వాళ్లెలా వున్నారు?" అన్నది కాదు.

మూడోది ధర, సేకర్త నీతికి అసలు పరీక్ష యిక్కడే. పదిహేనేళ్ల కిందట 8,000, 10,000 యెన్‌లుండే కొలత బొమ్మ యివాళ 20,000 దాటడం మామూలైంది. మన డబ్బులో అది పదకొండు పన్నెండు వేల రూపాయలు. మన విద్యార్థికి చిన్న మొత్తం కాదు. యీ పెరుగుదలకు కారణాలు అనేకం. బొమ్మల్లో పనితనం పెరిగింది, భాగాలు పెరిగాయి. 2022 నుంచి యెన్ విలువ బాగా పడిపోయింది. వీటితోబాటు గ్వాంగ్‌డాంగ్‌లో కనీస వేతనాలు గత యిరవై యేళ్లలో అనేకసార్లు పెరిగాయి. మొదటి కారణాలను సేకర్త అర్థం చేసుకుంటాడు. చివరిదాన్ని దురదృష్టంగా భావిస్తాడు. వేతనాలు తక్కువగా వున్న దేశానికి పని తరలిపోతే వూపిరి పీల్చుకుంటాడు. తాను సమ్మెల పక్షాన వుంటానని చెప్పుకునే యువకుడు కూడా జాబితా ముందు కూర్చున్నప్పుడు, తనకు తెలియకుండానే యజమాని కళ్లతో చూస్తాడు. అంతమాత్రాన అతడు యజమాని కాడు. ఆ చూపు అతడికి సరుకుతోబాటు వుచితంగా వస్తుంది.

ఆ తక్కువ ధరల వెనక యేమున్నదో తెలుసుకోవాలనుకుంటే 1993ను గుర్తుచేసుకోవాలి. ఆ మే నెల 10న థాయ్‌లాండ్‌లో బాంకాక్ వెలుపల కేడర్ బొమ్మల కార్ఖానా తగలబడి 188 మంది చనిపోయారు. ఆ నవంబరు 19న షెన్‌జెన్‌లో ఝిలి బొమ్మల కార్ఖానా తగలబడి 87 మంది చనిపోయారు. రెండుచోట్లా చచ్చిపోయినవాళ్లలో అత్యధికులు పల్లెలనుంచి వచ్చిన ఆడపిల్లలు. రెండుచోట్లా తలుపులకు తాళాలు పడివున్నాయి. ఆ కార్ఖానాలు ఆనిమే బొమ్మలు చేసేవని నేననడంలేదు. అవి వేరే దేశాల పిల్లల కోసం వేరే బొమ్మలు చేశాయి. యివాళ అన్ని కార్ఖానాలూ అలాగే వున్నాయనీ అనడంలేదు. తూర్పు ఆసియాలో బొమ్మల పరిశ్రమ చౌక అనిపించుకున్నది యే పునాది మీదనో చెబుతున్నాను. ఆ పునాదిని తెలుసుకోకుండా "పాతరోజుల ధరలు" కావాలని నిట్టూర్చడం తగదు.

యీ సందర్భంలో స్త్రీమూర్తుల ప్రస్తావన తప్పదు. రాబోయే బొమ్మల జాబితా తెరిస్తే అధికభాగం యువతుల బొమ్మలే; అనేకం మగవాడి చూపుకోసం వొంపులు పెంచి, గుడ్డలు తగ్గించి చేసినవి. వీటిని సమర్థించనక్కరలేదు. కాని మన విమర్శ తరచు ఆ గుడ్డల దగ్గరే ఆగిపోతుంది. ఆ చెక్కిలికి యెరుపు అద్దిన స్త్రీ యెవరు? బొమ్మ సిగ్గును కొలతలతో వర్ణించే అభిమానీ, ఆ సిగ్గు అసభ్యమని ఖండించే విమర్శకుడూ యిద్దరూ ప్లాస్టిక్ స్త్రీనే చూస్తున్నారు. బల్ల దగ్గర కూర్చుని నెలకు వేల చెక్కిళ్లకు రంగు వేసే మనిషి యిద్దరికీ కనిపించడంలేదు. స్త్రీ గౌరవాన్ని గురించిన చర్చలో మొదటి స్థానం ఆమెది.

పేరు వుండడానికీ లేకపోవడానికీ యెంత తేడా వుందో చూపించే ఉదాహరణ ఒకటుంది. మురకామి తకాషి అనే చిత్రకారుడు 1997లో 'మిస్ కో²' అనే నిలువెత్తు ఆనిమే యువతి బొమ్మను ప్రదర్శించాడు. దాన్ని మలిచింది కైయోడోకు చెందిన ప్రసిద్ధ శిల్పి బోమె. 2003లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో ఆ బొమ్మ ప్రతి ఒకటి 5,67,500 డాలర్లకు పోయింది. అదే ధోరణిలో మురకామి చేయించిన మరో బొమ్మ 2008లో సోథెబీస్ వేలంలో కోటీ యాభై లక్షల డాలర్లు దాటింది. అదే శిల్పి మలిచిన చిన్న బొమ్మ దుకాణంలో వేల యెన్‌లకు దొరుకుతుంది. తేడా అంతా పరిమాణంలోనూ పనితనంలోనూ లేదు. చిత్రకారుడి పేరు పలికే ధర ఒకటి, బొమ్మల శిల్పి పేరు పలికే ధర ఒకటి, పేరులేని చెయ్యి పలికే ధర మరొకటి. బొమ్మల శిల్పులకు కళాకారులుగా గుర్తింపు రావాలని సేకర్తలు యెన్నో యేళ్లుగా వాదిస్తున్నారు. ఆ వాదన న్యాయమైనది. కాని అది ఒక మెట్టు దిగి ఆగిపోయింది. కింద యింకా మెట్లున్నాయి.

వామపక్షీయుడు సేకర్తగా వుండవచ్చునా అనే సందేహానికి చరిత్రలో మంచి సమాధానం వుంది. ఎడువార్డ్ ఫుక్స్ 1870లో పుట్టిన జర్మన్, సోషలిస్టు పత్రికల్లో పనిచేసి జైలుకు వెళ్లినవాడు, తర్వాత కమ్యూనిస్టు. అతడు వ్యంగ్యచిత్రాలు సేకరించాడు. చైనా యిళ్ల కప్పుల మీద పెట్టే పింగాణీ బొమ్మలు సేకరించి 1924లో వాటిమీద పుస్తకం రాశాడు. 1933లో నాజీలు అతడి సేకరణను పట్టుకున్నారు. 1940లో పారిస్‌లో ప్రవాసిగా చనిపోయాడు. వాల్టర్ బెన్యమిన్ 1931లో తన పుస్తకాలను గురించి రాసినప్పుడు, వస్తువుతో మనిషికి సాధ్యమైన గాఢ సంబంధం దాన్ని సొంతం చేసుకోవడమేనన్నాడు. 1937లో ఫుక్స్‌ను గురించి రాసినప్పుడు మరో దారి చూపించాడు. ఫుక్స్ అభిమానించిన ఆ చైనా బొమ్మలు చేసినవాళ్లకు పేర్లు లేవు. మహాకళాకారుల పేర్లకు దణ్ణంపెట్టే అలవాటు నుంచి బయటపడి, పేరులేనివాళ్ల పనిని పనిగా చూడడం సేకర్త నేర్పగలడని ఆ వ్యాసం సారాంశం. నాకు రెండో బెన్యమిన్ మాటే సరైనదనిపిస్తుంది. ఆనాటి కప్పుబొమ్మలు చేసిన కుమ్మరులకు పేర్లు దొరకవు, కాలం మింగేసింది. యివాళ గ్వాంగ్‌డాంగ్‌లో రంగు వేస్తున్నవాళ్లకు పేర్లున్నాయి, హాజరుపట్టీలో వున్నాయి. వాటిని మింగింది కాలం కాదు.

ఐతే సేకర్త చెయ్యవలసింది యేమిటి? మొదటిది, జాబితా మనలో రేపే భయాన్ని కోరిక నుంచి వేరుచేసుకోవడం. గడువు తేదీ, పరిమిత ప్రతులు, మళ్లీ రాదనే మాట: యివి బొమ్మలోని గుణాలు కావు, అమ్మకపు యెత్తులు. గిరాకీ వుంటే అచ్చులు బయటికి తీసి మళ్లీ పోస్తారని సేకర్తలందరికీ తెలుసు. భయంతో కొన్న బొమ్మ చాలాసార్లు పెట్టె తెరవకుండానే అటకెక్కుతుంది, లేదా రేపు రెట్టింపు ధరకు అమ్మడానికి దాచబడుతుంది. చూడడానికే చేసిన వస్తువును యెవరూ చూడకుండా దాచడం దానిలోని శ్రమను పాతిపెట్టడమే. 2023లో ఆనిమేగా వచ్చిన 'ఫ్రీరెన్' కథలో వెయ్యేళ్లకు పైగా బతికిన నాయిక, పదేళ్లు తనతో నడిచిన స్నేహితుడి విలువ అతడు పోయిన తర్వాత తెలుసుకుంటుంది. ఆ కథను ప్రేమించానని చెప్పి, ఆమె బొమ్మలను పెట్టెల్లోనే పేర్చుకునేవాడు ఆ కథను చదివినట్టు కాదు.

రెండోది, అడగడం. బట్టల పరిశ్రమలో, 2005లో నైకీ కంపెనీ తన సరుకు తయారుచేసే కార్ఖానాల జాబితాను బయటపెట్టింది. తనంతట తాను పెట్టలేదు. విద్యార్థులూ కార్మికోద్యమాలూ యేళ్ల తరబడి వెంటపడితే పెట్టింది. బొమ్మ పెట్టె మీద కార్ఖానా పేరు యెందుకుండగూడదు? అర మిల్లీమీటరు కంటిగుడ్డు కోసం వుత్తరాలు రాసే పట్టుదల సేకర్తలకు వుంది. ఆ పట్టుదలను యీ ప్రశ్న మీద పెడితే కంపెనీలు జవాబు చెప్పక తప్పదు. పెరిగిన ధరలో యెంత వేతనానికి పోయింది, యెంత కృత్రిమమైన కొరతకు పోయింది అని అడిగే హక్కు ధర చెల్లించేవాడికి వుంది. మొదటిదానికి సంతోషంగా చెల్లించాలి, రెండోదాన్ని నిరాకరించాలి.

అడిగితే సరిపోతుందని భ్రమపడవద్దు. కొండపల్లి వెళ్లి బొమ్మల కాలనీలో బొమ్మ కొనేవాడు చేసినవాడి ముఖం చూస్తాడు, చేతికంటిన రంగు కూడా చూస్తాడు. అయినా బేరమాడే వస్తాడు. చూడడం న్యాయానికి నాంది మాత్రమే. కొనేవాడి మంచితనం మీద ఆధారపడిన వేతనం భిక్ష అవుతుంది గాని హక్కు కాదు. హక్కు కార్మికుల సంఘం వల్లనే వస్తుంది. చైనాలో అధికారిక సమాఖ్యకు వెలుపల సంఘం పెట్టుకునే స్వేచ్ఛ లేదు. 2018లో షెన్‌జెన్‌లో వెల్డింగు పరికరాలు చేసే జాసిక్ కార్ఖానాలో కార్మికులు సొంతసంఘం కోసం ప్రయత్నించినప్పుడు పనిలోంచి తీసేశారు. పెకింగ్ విశ్వవిద్యాలయంలోనూ యితర చోట్లా మార్క్స్‌ను చదువుతున్న విద్యార్థులు వాళ్లకు అండగా బయలుదేరారు. కార్మికులతోబాటు విద్యార్థులూ నిర్బంధాల పాలైనారు. ఆ విద్యార్థుల్లో చాలామంది మన పాఠకుల వయసువాళ్లే. అందులో కొందరు యీ ఆనిమేలు చూసే పెరిగి వుంటారు. చేసిన చేతుల పక్కన నిలబడడమంటే యేమిటో వాళ్లు చూపించారు.

బొమ్మలు కొనడం మానెయ్యమని నేను యెవరికీ చెప్పడంలేదు. మనం మానేస్తే రంగు వేసేవాళ్లకు విముక్తి రాదు, పని పోతుంది. నా వాదన వేరు. ఆ బొమ్మను ప్రేమిస్తున్నానని సేకర్త అన్నప్పుడు ఆ మాటకు అర్థం వుండాలి. జుట్టుకొసలో ఒక రంగు మరొక రంగులో కలిసిపోయే తీరు చూసి మనం పరవశిస్తున్నాం. అక్కడ మనల్ని పరవశింపజేస్తున్నది పాత్ర కాదు, కంపెనీ కాదు, ఫొటోలోని నమూనా కూడా కాదు; ఆ ఒక్క బొమ్మ మీద, ఆ ఒక్క క్షణంలో సరిగ్గా తిరిగిన ఒక మణికట్టు. దాన్ని మెచ్చుకుంటూ ఆ మనిషి జీతమూ పనిగంటలూ ఆమె పీల్చే గాలీ తనకు పట్టవనడం వ్యక్తిగతాభిరుచి అనిపించుకోదు, అది ఆ మెచ్చుకోలునే అబద్ధం చేస్తుంది. వచ్చే వేసవి జాబితాలో మనం గుర్తుపెట్టుకున్న బొమ్మ యింకా పుట్టలేదు. దానికి వెయ్యవలసిన రంగు యింకా డబ్బాలోనే వుంది. ఆ రంగు యే పరిస్థితుల్లో, యెంత కూలికి వెయ్యబడుతుందనేది కూడా యింకా పూర్తిగా నిర్ణయం కాలేదు. సేకర్తకు మాట్లాడే వేళ యిదే, బొమ్మ అల్మారాలోకి వచ్చిన తర్వాత కాదు.